కష్టంలో దేవునికి మొరపెట్టుకోవడం ఎలా? కొత్తగా మొదలుపెట్టేవారికి

డాక్టరు రిపోర్టు చేతిలో పెట్టిన రాత్రి, మిర్చి ధర పడిపోయి అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడ్డ రోజు, పెళ్ళైన కూతురు సూట్‌కేసుతో తిరిగొచ్చిన సాయంత్రం, ప్రార్థన చేద్దామని మోకరిస్తే నోట మాట రాదు. వచ్చినా అలవాటైన మాటలే వస్తాయి. కృపగల తండ్రీ, స్తోత్రం, నీ చిత్తమే జరుగును గాక. లోపల మండుతున్నది ఒకటి, పెదాలు పలికేది ఇంకొకటి. కొన్నాళ్ళకు ఆ పలకడం కూడా ఆగిపోతుంది.

ఇలా ఆగిపోయినవాళ్ళలో చాలామందికి చిన్నప్పుడే ఎవరో ఒక మాట చెప్పి ఉంటారు: దేవుణ్ణి ప్రశ్నించకూడదు, ఆయన ముందు నిష్ఠూరమాడకూడదు, అలా చేస్తే విశ్వాసం లేనట్టే అని. బైబిల్లో మాత్రం కీర్తనల గ్రంథం తెరిచి చూడండి. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. ఎక్కడున్నావు, ఎందుకు ముఖం దాచుకున్నావు, ఇంకెంతకాలం చూస్తూ ఊరుకుంటావు అని భక్తులు దేవుణ్ణే నిలదీసిన ప్రార్థనలవి. దేవుని ప్రజలు వాటిని దాచిపెట్టలేదు, గుళ్ళో అందరూ కలిసి పాడుకునే పుస్తకంలో చేర్చుకున్నారు. సిలువమీద యేసు ప్రభువు పెట్టిన కేక కూడా అందులోదే, 22వ కీర్తన మొదటి మాట.

దేవుడు వింటాడన్న నమ్మకం లేనివాడు ఆయనకు మొరపెట్టుకోడు. ఏడుపును ఆయన దగ్గరికే తీసుకెళ్ళడం నమ్మకానికి మొదటి అడుగు అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ అడుగు ఎలా వేయాలో, ఇంతవరకూ ఇలా ప్రార్థించని వాళ్ళ కోసం ఇక్కడ ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ముందు తినండి, పడుకోండి

ఇది ప్రార్థనకు ముందు చేయాల్సిన పని. దీన్ని దాటేసి ముందుకు వెళ్ళకండి.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రాణభయంతో ఎడారిలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. అంతకుముందు అధ్యాయంలోనే ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం కళ్ళారా చూసిన ప్రవక్త ఆయన. ఆ ప్రవక్తకు దేవుడు పంపిన దూత వాక్యం చెప్పలేదు, మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండతో నీళ్ళు తలదగ్గర పెట్టి, లేచి తినమంది. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం చాలా దూరం ఉంది, ఇంకా తిను అంది. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే, హోరేబు కొండ దగ్గర.

మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషికి దేవుడు దూరమైనట్టు అనిపించడంలో వింత లేదు. ఆ సమయంలో మీ విశ్వాసాన్ని మీరే తూకం వేసుకోకండి. పెరుగన్నం నాలుగు ముద్దలు తినండి. కాపలాకి ఇంకెవరినైనా కూర్చోబెట్టి నాలుగు గంటలు పడుకోండి. ఉపవాస ప్రార్థన మంచిదే. కానీ షుగరు ఉన్నవాళ్ళు, బాలింతలు, ఇప్పటికే తిండి సహించక నీరసించినవాళ్ళు ఇలాంటి రోజుల్లో ఉపవాసం పట్టకూడదు.

2. పదమూడో కీర్తనతో మొదలుపెట్టండి

ఆరే వచనాలు. అయిదు నిమిషాల్లో చదివేయొచ్చు. మొర ఎలా నడుస్తుందో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

రోజుకు పది నిమిషాలు, ఒకే వేళకు కుదిరితే మేలు. తెల్లవారుజామున అందరూ లేవకముందు కావచ్చు, పిల్లలు బడికి వెళ్ళాక కావచ్చు. మోకరించడం కుదరకపోతే కుర్చీలో కూర్చోండి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఒకే గదిలో ఆరుగురితో సర్దుకుంటున్న తమ్ముళ్ళకి ఏకాంతం దొరకదు. డ్యూటీకి వెళ్ళే బస్సులో కళ్ళు మూసుకోండి, అది చాలు. పాత అనువాదంలోని గ్రాంథికం కష్టంగా ఉంటే వాడుక భాషలో వచ్చిన బైబిలు తీసుకోండి. పాత మాటలే నోటికి అలవాటైతే వాటితోనే చదవండి.

మొదటిసారి పైకి, మెల్లగా చదవండి. రెండోసారి చదివేటప్పుడు అందులోని మలుపులు గమనించండి. మొదటి రెండు వచనాల నిండా ఒకటే ప్రశ్న: ఇంకెంతకాలం? దేవుడు మరచిపోయాడా, ముఖం తిప్పుకున్నాడా, ఈ దిగులు ఎన్నాళ్ళు, శత్రువుదే పైచేయిగా ఎన్నాళ్ళు? మూడు, నాలుగు వచనాల్లో అడగడం ఉంది: నావైపు చూడు, జవాబియ్యి, నా కళ్ళకు వెలుగు ఇవ్వు. అయిదు, ఆరు వచనాల్లో ఆ మనిషి దేవుని కృపను గుర్తుచేసుకుని దానిమీద ఆనుకుంటాడు. చెప్పుకోవడం, అడగడం, ఆనుకోవడం. మొర నడక ఇదే.

నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఏం జరిగిందో కీర్తన చెప్పదు. శత్రువు పోయాడని లేదు, జబ్బు తగ్గిందని లేదు. పరిస్థితి అక్కడే ఉంది, మనిషి ముఖం మాత్రం దేవునివైపు తిరిగింది.

3. జరిగింది జరిగినట్టు చెప్పండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మనం దేవునితో మాట్లాడేటప్పుడు పెద్ద పెద్ద మాటలు వాడతాం: నా శ్రమలో, నా శోధనలో, నా ఇబ్బందుల్లో అని. ఆ మాటల్లో మన ఇల్లు కనబడదు. మొరపెట్టేటప్పుడు పేర్లు, రోజులు, రూపాయలు, మనుషులు రావాలి. ఊళ్ళోంచి డయాలసిస్‌కి కొడుకును పట్టణానికి తీసుకొచ్చే ఒక తల్లిని ఊహించుకోండి. ఆమె ప్రార్థన ఇలా ఉండొచ్చు:

“ప్రభువా, ఇది నాలుగో నెల. వారానికి మూడుసార్లు మొదటి బస్సుకి వాణ్ణి తీసుకొస్తున్నాను. నాలుగ్గంటలు ఈ బెంచీ మీద కూర్చుంటున్నాను. సూదులు గుచ్చి గుచ్చి వాడి చెయ్యి ఉబ్బిపోయింది, చూడలేకపోతున్నాను. నువ్వు చూస్తున్నావా? ఇరవై రెండేళ్ళవాడు, తోటివాళ్ళంతా ఉద్యోగాలకి వెళ్తున్నారు. వాళ్ళ నాన్న నిన్న అప్పుకోసం వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు, అన్నం తినకుండా పడుకున్నాడు. సంఘంలో అందరూ ప్రార్థన చేస్తున్నామమ్మా అంటారు, ఒక్కరూ ఫోను చేయరు. నాకు నీమీద కోపంగా ఉంది నాయనా. ఆ మాట నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?”

ఇందులో వేదాంతం లేదు, తియ్యటి మాటలు లేవు. కానీ ప్రతి వాక్యం దేవుని ముఖం చూసి చెప్పిందే. ఆమె దేవుని గురించి పక్కింటివాళ్ళ దగ్గర గొణగడం లేదు, ఆయనతోనే మాట్లాడుతోంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు డేరాల్లో కూర్చుని సణిగారు, కీర్తనకారుడు దేవుని ఎదుట నిలబడి ఏడ్చాడు. సణుగుడుకూ మొరకూ ఉన్న తేడా అదే.

మీరూ అలా చెప్పండి. నోటితో రాకపోతే నోటుబుక్కులో రాయండి, పైన తేదీ వేయండి. చదువు రానివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ ఒక్కో బాధ చెప్పుకోవచ్చు. ఎవరైనా మీకు అన్యాయం చేసి ఉంటే వాళ్ళ పేరు చెప్పండి. పగ తీర్చుకోవాలన్నంత కోపం ఉంటే ఆ కోపాన్ని కూడా అక్కడే పెట్టండి. 109వ కీర్తన చదివితే భక్తులు ఎంత కోపాన్ని దేవుని ముందు కుమ్మరించారో తెలుస్తుంది. అక్కడ కుమ్మరించిన కోపాన్ని బయటికి వెళ్ళి చేతల్లో చూపించనక్కర్లేదు.

ఏడుపొస్తే ఏడవండి. మగవాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువు కన్నీళ్ళు పెట్టుకున్నాడు, కొన్ని నిమిషాల్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా.

4. ఈ రోజుకి సరిపడా అడగండి

చెప్పుకోవడం అయ్యాక అడగండి. అడిగేటప్పుడు దగ్గరిది అడగండి. మమ్మల్ని ఆశీర్వదించు అంటే దేవునికి అర్థమవుతుంది, కానీ జవాబొచ్చినప్పుడు మనం గుర్తుపట్టలేం. ఆ తల్లి ఇలా అడగొచ్చు: ఈ రోజు డయాలసిస్‌లో వాడి బీపీ పడిపోకుండా చూడు. ఆరోగ్యశ్రీ కాగితాల దగ్గర కూర్చున్నవాళ్ళకు దయ పుట్టించు. రాత్రి వాళ్ళ నాన్న అన్నం తినేలా చెయ్యి. స్వస్థత కూడా అడగొచ్చు, తప్పకుండా అడగాలి. దాంతోపాటు ఈ చిన్నవి కూడా.

నిర్గమకాండం 16వ అధ్యాయంలో మన్నా ఏ రోజుకారోజే కురిసింది. రేపటికని దాచుకుంటే పురుగు పట్టింది, విశ్రాంతి దినానికి ముందురోజు ఏరుకున్నది మాత్రమే నిలిచింది. యేసు ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడగమన్నదీ ఆ రోజు ఆహారమే. అయిదేళ్ళ తర్వాత ఏమవుతుందో అన్న భయంతో మోకరించినప్పుడు ఆ అయిదేళ్ళ ధైర్యం ఇప్పుడే చేతికి రాదు. ఈ పూటకు కావలసినంత వస్తుంది.

ఇక్కడొక జాగ్రత్త. కష్టంలో ఉన్నప్పుడు మొక్కుకోవాలనిపిస్తుంది: ఇది తీరితే ఇంత కానుక ఇస్తాను, ఫలానా సభలకు పంపిస్తాను అని. అప్పుచేసి కానుక ఇవ్వమని దేవుడు ఎవరినీ అడగడు. మొక్కి చెల్లించకపోవడంకంటే మొక్కకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం సూటిగా చెబుతుంది. డబ్బు కడితే ప్రత్యేక ప్రార్థన చేస్తామనేవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళ మాట వినకండి. మీ కష్టాన్ని అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు.

5. ఆనుకోండి, నటించకండి

మొరలో మూడో భాగం ఇది. దేవుడు ఇంతకుముందు చేసినది ఒక్కటి గుర్తు చేసుకుని చెప్పండి. మీ జీవితంలోది కావచ్చు: చంటిబిడ్డకు జ్వరం తగ్గిన రాత్రి, చేతిలో డబ్బు లేనప్పుడు పరీక్ష ఫీజు కట్టిన మేనమామ. మీకేదీ తట్టకపోతే బైబిల్లోది తీసుకోండి. 77వ కీర్తన రాసిన ఆసాపు కూడా తన రాత్రి గురించి చెప్పడానికి మంచిమాట ఏదీ దొరక్క, ఎర్రసముద్రం పాయలైన పాత సంగతిని పట్టుకున్నాడు.

ఈ భాగం కొన్ని రోజులు రాదు. రానప్పుడు తెచ్చిపెట్టుకోవద్దు. 88వ కీర్తన చదవండి. 18 వచనాలు, మొదటినుంచి చివరిదాకా చీకటే. స్నేహితులు దూరమయ్యారన్న మాటతో, చీకటితో ముగుస్తుంది. చివర్లో స్తోత్రం లేదు, మలుపు లేదు. అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉంది. అలాంటి రోజున 88వ కీర్తన చదివి, ఆమెన్ అని, లేచి వంటపని చూసుకోండి. మర్నాడు మళ్ళీ రండి.

6. లేచి, చేతికొచ్చిన పని చేయండి

దేవునిమీద ఆనుకోవడానికీ చేతులు కట్టుకుని కూర్చోవడానికీ సంబంధం లేదు. దీనికి మన తెలుగు నేలమీద జరిగిన సంగతే చెబుతాను.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలు ప్రాంతం కోసం ప్రార్థించారు. నెల్లూరులో ఏళ్ళ తరబడి పనిచేసినా ఫలితం కనబడక, ఆ మిషనును మూసేద్దామని అమెరికాలో మాటలు నడుస్తున్న కాలమది. కొండ మీద ప్రార్థించిన మర్నాడే ఏమీ జరగలేదు. మిషనరీ జాన్ క్లో దంపతులు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్ళకి.

ఆ తర్వాత 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని పెద్ద కరువు పట్టుకుంది. క్లో సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు ప్రభుత్వం నుంచి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి అక్కడ కూలి పని ఇచ్చాడు. పొద్దున ప్రార్థన, పగలంతా పలుగూ పారా. కూటికోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పెద్ద అంకెనే మనం తరచుగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ కాలువ గట్టుమీద మట్టి తట్టలు మోసిన జనం ఎక్కువ గుర్తుండిపోతారు. వాళ్ళకు దేవుని సహాయం ఆ రోజు కూలి రూపంలో అందింది.

కాబట్టి ప్రార్థన అయ్యాక ఆ రోజు చేయగల పని ఒకటి చేయండి. బ్యాంకు మేనేజరును కలవండి. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. మందులు వేళకు వేసుకోండి. ప్రార్థన చేశాం కదా, ఇక ఇన్సులిన్ మానెయ్యండి, ఫిట్స్ మాత్రలు ఆపెయ్యండి అని ఎవరైనా చెబితే, ఎంత పేరున్న దైవసేవకుడైనా ఆ మాట వినొద్దు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకి ద్రాక్షారసం తాగమని సలహా రాశాడు. లూకా వైద్యుడు. ఇంట్లో భర్త కొడుతుంటే ఓర్చుకుని ప్రార్థించమ్మా అని పంపేసేవాళ్ళ మాట కూడా వినొద్దు. ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్ళండి, ప్రార్థన అక్కడ చేసుకోవచ్చు.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అది పాపమని దాచుకోకండి. ఏలీయాకీ యోబుకీ యిర్మీయాకీ అలాంటి రాత్రులు వచ్చాయి. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

7. జవాబు రాకపోతే

నోటుబుక్కులో తేదీలు వేస్తూ పోతే కొన్ని నెలలకు రెండు రకాల పేజీలు కనబడతాయి. జవాబు దొరికినవి, దొరకనివి. దొరికినవాటి పక్కన చిన్న గుర్తు పెట్టి కృతజ్ఞత చెప్పండి, సంఘంలో సాక్ష్యం చెప్పండి. దొరకనివాటిని కొట్టేయకండి.

గెత్సేమనేలో యేసు ప్రభువు గిన్నె తొలగించమని మూడుసార్లు అడిగాడు. గిన్నె తొలగలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, నా కృప నీకు చాలు అన్న భరోసా వచ్చింది. వీళ్ళిద్దరికీ విశ్వాసం తక్కువైందని ఎవరూ అనలేరు. అలాంటప్పుడు బిడ్డను పోగొట్టుకున్న తల్లితో, నువ్వు గట్టిగా నమ్మి ఉంటే బతికేవాడు అనడానికి మనకు నోరెలా వస్తుంది? ఆ మాట మీతో ఎవరైనా అని ఉంటే, దయచేసి దాన్ని మీ మనసులోంచి తీసేయండి. అది దేవుడు అన్న మాట కాదు. యోబును తప్పుపట్టిన స్నేహితుల మీద దేవునికి కోపం వచ్చిందని ఆ గ్రంథం చివరి అధ్యాయంలో స్పష్టంగా ఉంది.

జవాబు రాని విషయాన్ని అదే పేరుతో, అదే వివరాలతో మళ్ళీ చెప్పండి. విసిగిస్తున్నామేమో అని వెనక్కి తగ్గొద్దు. లూకా 18లో న్యాయాధిపతి తలుపు వదలని విధవరాలి కథను ప్రభువు చెప్పింది ఇందుకే.

పదమూడో కీర్తనతో ఒక వారం గడిచాక, మీ కష్టాన్ని బట్టి ఇంకోటి తీసుకోండి. జబ్బుతో మంచాన ఉంటే 38. నమ్మిన స్నేహితుడే మోసం చేస్తే 55. రాత్రి నిద్ర పట్టకపోతే 4. చెడ్డవాళ్ళు బాగుపడి మీరు చితికిపోతుంటే 73. చేసిన తప్పు మనసును తొలుస్తుంటే 130. వయసు మీదపడి ఒంటరిగా ఉంటే 71. దేవుడు అసలు ఉన్నాడా అన్నంత ఎండిపోతే 42, 43 కలిపి చదవండి.

8. మొరపెట్టలేనివాళ్ళ కోసం మీరు

కొంతమందికి ఇవేవీ చేసే ఓపిక ఉండదు. వాళ్ళకు ఈ వ్యాసం ఇచ్చి రావద్దు, మీరే వెళ్ళండి.

యోబు స్నేహితులు చేసిన ఒక్క మంచిపని, మొదటి ఏడు రోజులు నేలమీద అతనితో కూర్చుని నోరు తెరవకపోవడం. మీరూ అలాగే కూర్చోండి. అంతా మన మంచికే, దేవుడు పరీక్షిస్తున్నాడు, వాళ్ళకంటే మనం నయం అనే మాటలు ఇంటి దగ్గరే వదిలేసి వెళ్ళండి. ప్రార్థన చేయమంటారా అని అడగండి. వద్దంటే సరే అనండి. చేయమంటే చిన్నది చేయండి. పదమూడో కీర్తన మెల్లగా చదవండి, ఇంకెంతకాలం అన్న చోట కాస్త ఆగండి, వాళ్ళకు చెప్పాలనిపిస్తే చెబుతారు. మీ స్వరం పెంచొద్దు, ఇది ఉజ్జీవ సభ కాదు.

వెళ్ళేటప్పుడు పప్పు, అన్నం, పచ్చడి క్యారియరులో పెట్టుకెళ్ళండి, గిన్నెలు తిరిగివ్వాల్సిన పనిలేదని ముందే చెప్పండి. ఆసుపత్రికి తోడు కావాలేమో, చిన్నపిల్లల్ని ఎవరు చూస్తున్నారో అడగండి. లేచేముందు మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పండి. ఆ రోజున వెళ్ళండి.